మీ అబ్బాయిని మెల్లగా పరుగెత్తమంటున్న సార్ గురించి

నమస్తే అండి. మీరు అడిగింది ఇదీ. మీ అబ్బాయికి 15 ఏళ్లు. జిల్లా మీట్‌లో 3000 మీటర్లు 9 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాడు. మూడేళ్లుగా ఊళ్లో హైస్కూల్ పీఈటీ సార్ దగ్గరే నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు సిటీలో ఒక అకాడమీ వాళ్లు హాస్టల్ ఇచ్చి తీసుకుంటామంటున్నారు. ఇటు పీఈటీ సారేమో వారంలో సగం రోజులు మెల్లగా పరుగెత్తిస్తున్నారు, వరసగా వచ్చిన రెండు పోటీలకు పంపనన్నారు. అబ్బాయి అలిగాడు, మీకు టెన్షన్ పట్టుకుంది. "సార్ వీడి టాలెంట్‌ని తొక్కేస్తున్నారా? అసలు కోచ్‌కీ రన్నర్‌కీ మధ్య బంధం ఎలా ఉండాలి?" అని అడిగారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా మట్టి ట్రాక్ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డవాణ్ని. మీరు రాసినంతవరకు చూస్తే ఆ సార్ మీద నాకు గౌరవమే కలిగింది. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగ్గా రాయాలి, ఓపిగ్గా చదవండి.

మామూలు పిల్లాడికి ఎక్కువ పని చెబితే వాడి ఊపిరే వాణ్ని ఆపేస్తుంది. ఆయాసం వస్తుంది, కూర్చుంటాడు. ప్రతిభ ఉన్నవాడితోనే చిక్కు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని నెలల్లోనే శిక్షణకు అలవాటుపడిపోతాయి. ఎముకలు, కండరాల్ని ఎముకకు పట్టి ఉంచే తాళ్లలాంటి స్నాయువులు అంత త్వరగా గట్టిపడవు. పైగా 15 ఏళ్ల వయసంటే పొడవు పెరిగే కాలం. ఊపిరి "ఇంకా వెళ్దాం" అంటుంది, కాలి ఎముక ఇంకా సిద్ధమై ఉండదు. ఈ తేడా పిల్లాడికి తెలియదు. వాడికి తెలిసిందల్లా ఈరోజు బాగున్నాను, ఇంకో నాలుగు రౌండ్లు కొట్టగలను అనే. అక్కడ "ఈరోజుకి చాలు, బూట్లు విప్పు" అనగలిగే మనిషి ఒకరు కావాలి. ఆ మాట అనేవాళ్లు తక్కువ. ఎందుకంటే పిల్లాడు గెలుస్తుంటే పేరు కోచ్‌కీ వస్తుంది.

ఇది పుస్తకాల్లో చదివి చెప్తున్నది కాదు. నా చేతుల మీదుగా జరిగింది.

దాదాపు ఇరవై ఏళ్ల కిందట నా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. తెల్లవారుజామున పాలక్యాన్లు సైకిల్‌కి తగిలించుకుని పాలకేంద్రంలో పోసి, అటునుంచి అటే గ్రౌండ్‌కి వచ్చేవాడు. 5000 మీటర్లలో వాడి పక్కన నిలిచేవాడు జిల్లాలో లేడు. ఆ ఏడాది రెండు నెలల్లో ఐదు పోటీలకు దింపాను. స్కూల్ గేమ్స్ అన్నారు, దింపాను. ఎవరో ఓపెన్ మీట్ పెట్టి రెండువేలు ప్రైజ్ అన్నారు, ఇంటికి పనికొస్తుందని దింపాను. ఒకరోజు ప్రాక్టీస్ అయ్యాక వేపచెట్టు కింద కూర్చుని, మోకాలి కింద ముందువైపు ఎముకని బొటనవేలితో నొక్కుకుంటూ కనిపించాడు. నన్ను చూడగానే సాక్స్ పైకి లాక్కున్నాడు. "ఏమైందిరా?" అన్నాను. "ఏం లేదు సార్, దోమ కుట్టింది" అన్నాడు. దోమ కుట్టినచోట గోకుతారు, నొక్కరు. ఆ సంగతి నాకు తెలుసు. తొమ్మిది రోజుల్లో రాష్ట్ర మీట్ ఉంది. అందుకని వాడి మాట నమ్మాను. నమ్మాలనిపించింది కాబట్టి నమ్మాను.

రాష్ట్ర మీట్‌లో మూడో రౌండ్‌లో ఆగిపోయాడు. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు, స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే భారం పడి ఎముక చిట్లడం) మొదట్లో చాలాసార్లు కనబడదు. తర్వాత తీసిన ఎమ్మారైలో ఎముక మీద సన్నని చీలిక బయటపడింది. ఆరు నెలలు పరుగు లేదు. ఆ తర్వాత వచ్చాడు గానీ ఆ వేగం మాత్రం తిరిగి రాలేదు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని "ముందే ఎందుకు చెప్పలేదురా" అని అడిగితే, "చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని భయమేసింది సార్" అన్నాడు. ఎనిమిదో తరగతి నుంచి నా చేతి కింద పెరిగిన పిల్లాడు నాకు నిజం చెప్పడానికి భయపడ్డాడు. ఆ తప్పు వాడిది కాదు, నాది.

అప్పట్నుంచి ఏ కోచ్‌ని చూసినా, ఏ రన్నర్‌ని చూసినా నేను చూసేది రెండే. పిల్లాడు నొప్పి ఉందని ఆ కోచ్‌కి భయం లేకుండా చెప్పగలడా? కోచ్ ఆగమంటే పిల్లాడు ఆగుతాడా? ఈ రెండూ ఉంటే మిగతావి వాటంతట అవే వస్తాయి.

మీ అబ్బాయికి ఎలియుడ్ కిప్చోగే పేరు తెలిసే ఉంటుంది. 2019 అక్టోబర్ 12న వియన్నాలో మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తిన కెన్యా మనిషి. ప్రత్యేక ఏర్పాట్లతో జరిగిన పరుగు కాబట్టి దాన్ని అధికారిక రికార్డుగా తీసుకోలేదు, అది వేరే సంగతి. అతని కోచ్ పాట్రిక్ సాంగ్. ఈయన 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో (అడ్డుకర్రలు, నీటిగుంట దూకుతూ పరుగెత్తే పోటీ) వెండి పతకం గెలిచాడు. కిప్చోగే వాళ్ల ప్రాంతం వాడే. 2001 ప్రాంతంలో, 16 ఏళ్ల వయసులో, కిప్చోగే ఆయన దగ్గరికెళ్లి నాకో ప్రోగ్రామ్ రాసివ్వండి అని అడిగాడు. చేతిలో పెన్ను లేదు, కాగితం లేదు. పుల్లతో చేతి మీద గీసుకుని, గుర్తుపెట్టుకుని ఇంటికెళ్లాడని చెబుతారు. ఆ ప్రోగ్రామ్ అయిపోగానే మళ్లీ వచ్చి తర్వాతిది అడిగాడు. మళ్లీ వచ్చాడు. ఇలా కొన్నాళ్లు గడిచాక గానీ నీ పేరేంటని సాంగ్ అడగలేదు. తీరా చూస్తే, చిన్నప్పుడు తనకు పాఠాలు చెప్పిన టీచరమ్మ కొడుకే ఈ కుర్రాడు. అప్పుడు తన చేతికున్న వాచీ తీసి ఇచ్చాడు.

ఈ కథలో అందరికీ వాచీ గుర్తుంటుంది. నాకు మాత్రం అంతకుముందు గడిచిన ఆ కొన్నాళ్లు ముఖ్యం. పేరు కూడా తెలియని పిల్లాడికి ఆయన ప్రోగ్రామ్ ఇస్తూనే ఉన్నాడు, ఆ పిల్లాడు చెప్పింది చెప్పినట్టు చేసుకొస్తూనే ఉన్నాడు. ఆ బంధం అలా పనిలోంచి పుట్టింది.

2003లో, 18 ఏళ్లకే, పారిస్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 5000 మీటర్లలో ఎల్ గెరూజ్, బెకెలె లాంటి మహామహుల్ని దాటి కిప్చోగే బంగారం గెలిచాడు. 2004 ఏథెన్స్‌లో కాంస్యం, 2008 బీజింగ్‌లో వెండి. 2012కి వచ్చేసరికి లండన్ ఒలింపిక్స్ జట్టులోనే చోటు దక్కలేదు. మన దగ్గరైతే ఇక్కడే "కోచ్‌ని మార్చు" అని నలుగురూ సలహాలిచ్చేవారు. వాళ్లిద్దరూ విడిపోలేదు. ట్రాక్ వదిలి రోడ్డు మీదికొచ్చారు. 2013లో హాంబర్గ్‌లో మొదటి మారథాన్, గెలుపు. తర్వాత 2016 రియో, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ రెండింట్లో బంగారం. 2018లో, 2022లో బెర్లిన్‌లో ప్రపంచ రికార్డులు, రెండోది 2:01:09. కోచ్ మాత్రం మొదటినుంచీ ఆయనే.

అంత ఎత్తున ఉన్న మనిషి శిక్షణలో ఏం చేస్తాడో మీ అబ్బాయికి చెప్పండి. వారంలో మూడు రోజులు గట్టిగా, అదీ 80 శాతం శక్తితో. మిగతా నాలుగు రోజులు సగం శక్తితో. ఈ మాట కిప్చోగే స్వయంగా చెప్పాడు. ఈజీ రోజున అతని పక్కన ఓ మోస్తరు రన్నర్ కూడా కబుర్లు చెప్పుకుంటూ పరుగెత్తగలడు. కాబట్టి పీఈటీ సార్ వారంలో సగం రోజులు మెల్లగా వెళ్లమంటున్నారంటే అది మీవాణ్ని తొక్కడం కాదండి. ప్రపంచమంతా చేసేది అదే.

ఇంకో జంట గురించి చెప్తాను. ఇది రాయడానికి నాకు మనసు బరువెక్కుతుంది. కెల్విన్ కిప్టుమ్, అతని కోచ్ గెర్వాయిస్ హకిజిమానా. ఈ కోచ్ రువాండా దేశస్థుడు, తనూ రన్నరే. కెన్యాకి వచ్చి ప్రాక్టీస్ చేసుకునే రోజుల్లో, పశువులు కాసే ఒక చిన్న పిల్లాడు చెప్పుల్లేకుండా వెంటపడి పరుగెత్తేవాడట. ఈయన తరిమేసేవాడు. ఆ పిల్లాడే కిప్టుమ్. తర్వాత కరోనా లాక్‌డౌన్‌లో హకిజిమానా కెన్యాలోనే ఉండిపోవడంతో అడవి దారుల్లో ఇద్దరూ కలిసి పరుగెత్తారు. అక్కణ్నుంచి కోచ్, శిష్యుడు. వయసులో మధ్య తేడా పన్నెండేళ్లే, అన్నదమ్ముల్లాంటి వాళ్లు.

2022 డిసెంబర్‌లో వలెన్సియాలో మొదటి మారథాన్, 2:01:53. 2023 ఏప్రిల్‌లో లండన్, 2:01:25. అదే ఏడాది అక్టోబర్ 8న చికాగోలో 2:00:35, ప్రపంచ రికార్డు. మూడు మారథాన్లు పరుగెత్తాడు, మూడూ గెలిచాడు. వారానికి 250, 280, ఒక్కోసారి 300 కిలోమీటర్లు కూడా దాటేవాడు. కోచే ఒక ఇంటర్వ్యూలో పైకి చెప్పాడు: మెల్లగా వెళ్దాం అంటే వినడం లేదు, ఇలాగైతే ఐదేళ్లలో అయిపోతావని చెప్పాను అని. తన శిష్యుడు ప్రపంచాన్ని ఊపేస్తున్న సమయంలో, ఊరంతా చప్పట్లు కొడుతున్నప్పుడు, ఒక కోచ్ ఇలా మాట్లాడటం మామూలు సంగతి కాదు. రికార్డు కంటే ఆ కుర్రాడి రాబోయే పదేళ్లు ఆయనకు ముఖ్యమయ్యాయి. 2024 ఫిబ్రవరి 6న ఆ రికార్డుకి అధికారిక గుర్తింపు వచ్చింది. ఫిబ్రవరి 11 రాత్రి కెన్యాలో ఎల్డొరెట్ దగ్గర కారు ప్రమాదంలో ఇద్దరూ చనిపోయారు. కిప్టుమ్‌కి 24, హకిజిమానాకి 36. ఆ మాట విని ఉంటే ఏమయ్యేది, వినకపోతే ఏమయ్యేది అన్నది ఇక ఎప్పటికీ తేలదు. ఆ ఇంటర్వ్యూ చదివిన రోజున నేను మా పిల్లలందర్నీ కూర్చోబెట్టి ఆ కోచ్ మాటలు చదివి వినిపించాను.

మీ ఉత్తరంలో ఒకచోట "సార్ మామూలు పీఈటీయే, పెద్ద కోర్సులేవీ చేయలేదు" అని రాశారు. అది నాకు నచ్చలేదు, మన్నించండి. ఐర్లండ్ నుంచి కోల్మ్ ఓకానెల్ అనే క్రైస్తవ మతసంఘం బ్రదర్ 1976లో కెన్యాలోని ఇటెన్‌కి వచ్చాడు, సెయింట్ పాట్రిక్స్ హైస్కూల్లో జాగ్రఫీ చెప్పడానికి. అథ్లెటిక్స్‌లో ఏ శిక్షణా లేదు. పిల్లల్ని గమనిస్తూ గమనిస్తూ నేర్చుకున్నాడు. ఆయన శిష్యుడు డేవిడ్ రుడిషా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు 1:40.91లో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పిల్లలకి చెప్పేముందు ఏళ్ల తరబడి తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకున్నాడు, ఎంత దూరమైతే ఒళ్లు తట్టుకుంటుంది, ఎక్కడ విరుగుతుంది అని. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు, గంట వ్యవధిలో, ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలో బంగారాలు తెచ్చారు. సర్టిఫికెట్ ఉంటే మంచిదే. కానీ పిల్లాడు గ్రౌండ్‌లోకి నడిచొస్తుంటే నడకలోనే రాత్రి నిద్రపోలేదని పట్టేసే కన్ను ఏ సర్టిఫికెట్‌తోనూ రాదు.

బంధం పేరుతో జరిగే చెడూ ఉంది. ఒడిశాలో బుధియా సింగ్ అనే నాలుగేళ్ల పిల్లాణ్ని 2006 మేలో పూరీ నుంచి భువనేశ్వర్‌కి 65 కిలోమీటర్లు పరుగెత్తించారు. ఆ కోచ్ వాణ్ని ఇంట్లో పెట్టుకుని సాకిన మాట నిజం. అయినా నాలుగేళ్ల పిల్లాడి కాళ్ల మీద దేశమంతా చప్పట్లు కొట్టడం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. ప్రేమ ఒక్కటే చాలదండి. వద్దు అనడం కూడా రావాలి.

ఇక అకాడమీ సంగతి. వెళ్లకూడదని నేను అనను. వరంగల్ దగ్గర కల్లెడ అమ్మాయి దీప్తి జీవంజి కోచ్ నాగపురి రమేష్ గారి చేతుల్లో హైదరాబాద్‌లో తయారై, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. ఆ అమ్మాయి ఊళ్లోనే ఉండిపోతే అది జరిగేది కాదు. మహారాష్ట్ర బీడ్ జిల్లా రైతుబిడ్డ అవినాష్ సాబ్లే సైన్యంలో చేరాక అమ్రిష్ కుమార్ అనే కోచ్ దగ్గర స్టీపుల్‌చేజ్ పట్టుకున్నాడు. మధ్యలో జాతీయ క్యాంపులో విదేశీ కోచ్ దగ్గరికి వెళ్లాడు, కుదరక మళ్లీ అమ్రిష్ దగ్గరికొచ్చాడు, ఆ తర్వాత అమెరికాలోనూ శిక్షణ తీసుకున్నాడు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 8:11.20తో వెండి గెలిచాడు, బంగారం 0.05 సెకన్లలో పోయింది. వెళ్లడం ద్రోహం కాదు, తిరిగి రావడం ఓటమీ కాదు. మంచి కోచ్ ఆ రెండు దారులూ తెరిచే ఉంచుతాడు.

కాకపోతే ఇప్పుడే, ఈ అలకలో వెళ్లొద్దు. వెళ్లాలనుకున్నా ముందు మీరొక్కరే ఆ అకాడమీకి వెళ్లి రండి. ఆఫీసు గదిలో కూర్చుని కప్పులు, ఫొటోలు చూసి రాకండి. పొద్దున ఐదున్నరకల్లా గ్రౌండ్‌కి వెళ్లండి. ఒక కోచ్ చేతి కింద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. రెండు మూడేళ్ల కిందట స్టేట్‌లో మెడల్ కొట్టిన వాళ్ల అకాడమీ పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో అడగండి, ఇంకా పరుగెత్తుతున్నారా, ఎముకల డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నారా అని. మెస్‌లో ఏం పెడుతున్నారో తిని చూడండి. దూరపు పరుగు చేసే పిల్లల్లో రక్తహీనత ఎక్కువ, హిమోగ్లోబిన్ తగ్గితే వాడు బద్ధకంగా ఉన్నాడని తిడతారు తప్ప పరీక్ష చేయించేవాళ్లు తక్కువ. సర్టిఫికెట్‌లో వయసు రెండేళ్లు తగ్గిద్దాం అని ఎవరైనా చెవిలో ఊదారా, అక్కణ్నుంచి వెంటనే వచ్చేయండి. వయసు విషయంలో అబద్ధం ఆడించేవాడు నొప్పి విషయంలోనూ ఆడిస్తాడు. డాక్టర్ చీటీ లేని ఇంజెక్షన్, పేరు చెప్పని పౌడర్, "ఇంట్లో చెప్పొద్దు" అనే మాట, వీటిలో ఏది వినబడ్డా ఇంక ఆలోచించొద్దు.

ఒకవేళ వెళ్లడమే ఖాయమైతే పీఈటీ సార్‌కి ముందు మీరే చెప్పండి, వేరేవాళ్ల నోటి వెంట ఆయన వినకూడదు. మూడేళ్లలో ఏం చేయించారో రాసిమ్మని అడగండి. కొత్త కోచ్‌కి బంగారం లాంటి కాగితం అది.

అబ్బాయి అలక గురించి కూడా ఒక మాట. ఆ రెండు పోటీలకు ఎందుకు పంపలేదో సార్ వాడికి వివరంగా చెప్పారా? చెప్పి ఉండకపోతే అక్కడ తప్పు సార్‌దే. మా కాలంలో "నోర్మూసుకుని చెప్పింది చెయ్" అనేవాళ్లం, పిల్లలు చేసేవాళ్లు. అలా చేసే నేను ఆ పాల కుర్రాణ్ని పోగొట్టుకున్నాను. ఎందుకు ఆపుతున్నారో తెలిస్తే పిల్లాడు ఆగుతాడు. తెలియకపోతే సాయంత్రం దొంగతనంగా రోడ్డు మీద పరుగెత్తుతాడు. మీవాడు అలా పరుగెత్తుతున్నాడేమో గమనించండి, నాకైతే అనుమానంగానే ఉంది. మీరే ఒకరోజు సార్‌ని ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, వాడి ముందే అడగండి. నిలదీసినట్టు కాకుండా తెలుసుకుందామన్నట్టు అడగండి.

మీకు చేయగలిగిన పని ఇంకొకటుంది. ప్రాక్టీస్‌కి వెళ్లి దూరంగా గోడ పక్కన నిలబడండి, సలహాలు ఇవ్వొద్దు. ఆఖరి రౌండ్ అయ్యాక సార్ వాణ్ని ఏం అడుగుతారో వినండి. ముందు టైమ్ చెబుతారా, కాళ్లు ఎలా ఉన్నాయిరా అని అడుగుతారా? అడిగితే మీవాడు ఆయన ముఖంలోకి చూసి చెబుతాడా, నేల చూస్తూ "బాగానే ఉన్నాయి సార్" అంటాడా? నేను ఇక్కడ ఎంత రాసినా ఆ అర నిమిషంలో మీకు తెలిసేదానికి సాటి రాదు.

రేపే ఒక నోట్‌బుక్ కొనివ్వండి. కిప్చోగే ఇప్పటికీ తన శిక్షణంతా చేత్తోనే పుస్తకంలో రాసుకుంటాడు. మీవాణ్ని రోజూ నాలుగు లైన్లు రాయమనండి: ఎంత దూరం, ఎన్ని గంటలు నిద్ర, ఎక్కడ నొప్పి, ఈరోజు పరుగు ఎలా అనిపించింది. ఆదివారం ఆ పుస్తకం సార్ చేతికివ్వాలి. నోటితో చెప్పలేనిది ఒక్కోసారి పిల్లలు రాస్తారు. నెల తర్వాత అందులో ఏముందో, సార్ దాన్ని చూసి ఏం మార్చారో నాకు మళ్లీ రాయండి. అకాడమీ మాట అప్పుడు మాట్లాడుకుందాం.